ఆట పిల్లలది... అరుపులు పెద్దలవి!

గెలిచినా ఓడినా పిల్లలు పది నిమిషాల్లో మరచిపోతారు. ఐస్‌క్రీమ్ ఎక్కడ తినాలా అని మాట్లాడుకుంటారు. గీత బయట నిలబడి చూసే పెద్దలే ఆ ఫలితాన్ని ఇంటిదాకా మోసుకెళ్తారు. అమెరికాలో పిల్లల లాక్రోస్ మైదానాల దగ్గర ఇప్పుడు పెద్ద సమస్య ఆటగాళ్లు కాదు... అమ్మానాన్నలే!

శనివారం ఉదయం తొమ్మిది గంటలు. అమెరికాలో ఓ ఊరి పచ్చిక మైదానం. చేతిలో వల కట్టిన కర్ర, కళ్లకు రక్షణ అద్దాలు... పదకొండేళ్ల పాప బంతిని వలలో పట్టుకుని గోల్‌వైపు దూసుకెళ్తోంది.

'కొట్టు... కొట్టేయ్!' గీత అవతలి నుంచి తండ్రి కేక.

'పాస్ ఇవ్వు!' ఎదురువైపు నుంచి కోచ్.

'అది ఫౌల్ కాదా? ఆ రిఫరీకి కళ్లు కనిపించడం లేదా?' మడతకుర్చీలోంచి లేచి మరో తల్లి.

ఎవరి మాట వినాలో తెలియక ఆ పాప ఒక్క క్షణం ఆగింది. అంతే, బంతి జారిపోయింది. తలతిప్పి నాన్న ముఖంలోకి చూసింది. ఆయన రెండు చేతులూ గాల్లోకి ఎత్తి విసురుగా కిందికి దించాడు. ఇక ఆ పూటకి ఆమె ఆట అయిపోయినట్టే. మైదానంలో పరుగెడుతోందన్న మాటేగానీ కళ్లన్నీ నాన్న మీదే. ఇంతకీ కళ్లు కనిపించడం లేదని తిట్టించుకున్న ఆ రిఫరీ ఎవరు? చేతిఖర్చుల కోసం వారాంతాల్లో ఈల పట్టుకునే పదహారేళ్ల హైస్కూలు విద్యార్థిని!

ఇది ఏ ఒక్క ఊళ్లోనో జరిగింది కాదు. పిల్లలు ఆడే లాక్రోస్, సాకర్, బేస్‌బాల్ మైదానాల్లో ఎక్కడో ఒకచోట వారంవారం కనిపించే దృశ్యమే.

దేవుడి కోసం ఆడిన ఆట

లాక్రోస్ పేరు మనవాళ్లలో చాలామందికి కొత్త. కర్ర చివర చిన్న వల ఉంటుంది. దానితోనే రబ్బరు బంతిని పట్టుకోవాలి, మోసుకెళ్లాలి, తోటివారికి విసరాలి, గోల్‌లోకి కొట్టాలి. ఉత్తర అమెరికా ఆదివాసీ తెగల నుంచి పుట్టిన ఆట ఇది. హోడెనొషోనీ ప్రజలు దీన్ని సృష్టికర్త ఆట అంటారు. ఆయన్ను సంతోషపెట్టడానికి ఆడేదట. 1630ల్లో అక్కడికి వెళ్లిన ఫ్రెంచ్ మతబోధకుడు జాఁ ద బ్రెబెఫ్, ఎవరికైనా జబ్బు చేస్తే అది నయం కావాలని కూడా ఈ ఆట ఆడించేవారని రాశాడు. కెనడా 1994లో దీన్ని తన వేసవి జాతీయ క్రీడగా చట్టంలోనే చేర్చింది.

జబ్బు నయం చేస్తుందనుకున్న ఆట చూస్తూ పెద్దలు రక్తపోటు పెంచుకుంటున్నారు. అదీ విచిత్రం!

ఎందుకంత ఆవేశం?

ఆఫీసులో ఎంతో నెమ్మదస్తుడు. పక్కింటివాళ్లతో గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటి మనిషి కూతురి మ్యాచ్ దగ్గర ఎందుకలా మారిపోతాడు?

మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే ప్రశ్న పట్టుకుని పిల్లల సాకర్ మ్యాచ్‌లకు వచ్చే తల్లిదండ్రులను అడిగారు. 2008లో ఫలితాలు వెలువడ్డాయి. మ్యాచ్ చూస్తూ కోపం తెచ్చుకున్నామని సగానికి పైగా ఒప్పుకున్నారు. రోడ్డు మీద వేరే కారు అడ్డొస్తే ఊగిపోయే మనిషి తత్వానికీ దీనికీ పోలికలున్నాయట. ఎదుటివాడు చేసిన చిన్న పనిని తనకు జరిగిన అవమానంగా తీసుకునేవారే ఎక్కువగా రెచ్చిపోతున్నారు. పాపను ఎవరో నెట్టినా, రిఫరీ ఈల వేయకపోయినా అది తన పరువుకు తగిలిన దెబ్బ అనిపిస్తుంది. ఇంకేముంది... నోరు లేస్తుంది.

దీనికి డబ్బు తోడైంది. అమెరికాలో ఒక పిల్లవాడికి లాక్రోస్ నేర్పించాలంటే ఏడాదికి సగటున 1,289 డాలర్లు అవుతోందని 2019లో ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ సర్వే తేల్చింది. కర్ర, హెల్మెట్, జట్టు రుసుము, టోర్నమెంట్లకు ప్రయాణాలు, హోటల్ గదులు... అంత పెట్టాక 'నా బిడ్డను ఎందుకు ఆడించడం లేదు?' అన్న లెక్క మొదలవుతుంది. ఎప్పటికైనా కాలేజీ స్కాలర్‌షిప్ రాకపోతుందా అనే ఆశ మరోవైపు. ఆ ఆశ ఎంత సన్ననిదో చూడండి. 2025 వరకూ అమెరికా కాలేజీల అగ్రశ్రేణి పోటీల్లో పురుషుల లాక్రోస్ జట్టు ఒక్కోదానికీ అనుమతించిన స్కాలర్‌షిప్‌లు 12.6. జట్టులో ఉండే కుర్రాళ్లు మాత్రం సాధారణంగా నలభైమందికి పైనే!

ఇంకో కారణం, లాక్రోస్‌కే ప్రత్యేకమైంది. అరిచేవాళ్లలో చాలామంది ఈ ఆట ఎన్నడూ ఆడలేదు. నిబంధనలూ తెలియవు. పెద్ద కుర్రాళ్ల ఆటలో నిబంధనల మేరకు ఒంటితో ఢీకొట్టవచ్చు. అమ్మాయిల ఆటలో అలా చేయకూడదు. చిన్న పిల్లల విభాగాల్లో అబ్బాయిలకూ కుదరదు. అంటే అన్న మ్యాచ్‌లో సరైంది చెల్లి మ్యాచ్‌లో ఫౌల్! అమ్మాయిల ఆటలో మరో నిబంధన ఉంది. ఒకమ్మాయి గోల్ కొట్టబోతుంటే, ప్రత్యర్థిని దగ్గరగా కాపలా కాయకుండా ఊరికే గోల్‌కు అడ్డంగా నిలబడటం తప్పు. బంతి తగిలి గాయపడుతుందని ఆ జాగ్రత్త. ఇది తెలియని తండ్రికి 'మా పాప నిలబడే ఉంది కదా, ఏం చేసిందని ఈల వేశారు?' అనిపిస్తుంది. నిజానికి రిఫరీ ఆయన కూతురినే కాపాడుతోంది.

నాన్నలు కొట్టుకున్న రోజు

అరుపులే కదా, ఆటన్నాక అరవరా అనుకోవచ్చు. అమెరికా కూడా చాలాకాలం అలాగే అనుకుంది. 2000 జులైలో ఉలిక్కిపడింది.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని రీడింగ్ పట్టణం. పిల్లల ఐస్ హాకీ సాధన జరుగుతోంది. మ్యాచ్ కూడా కాదు. పిల్లలు మరీ మొరటుగా ఆడుతున్నారని ఒక తండ్రికి కోపం వచ్చింది. ఆ సాధనను చూసుకుంటున్నదీ మరో తండ్రే. మాటామాటా పెరిగింది. చేతులు లేచాయి. పిల్లల కళ్ల ముందే ఒక తండ్రి దెబ్బలకు మరో తండ్రి కుప్పకూలాడు. ఆ తరవాత ప్రాణాలు పోయాయి. 2002 జనవరిలో న్యాయస్థానం కొట్టిన తండ్రిని దోషిగా తేల్చి, ఆరు నుంచి పదేళ్ల జైలుశిక్ష వేసింది. పిల్లల ఆట మొరటుగా ఉందన్న ఫిర్యాదుతో మొదలైన గొడవ అది. రెండు ఇళ్లలోనూ పిల్లలు తండ్రికి దూరమయ్యారు.

ఈల వేసేవాళ్లేరీ?

అంత దూరం వెళ్లే గొడవలు అరుదే. కానీ రోజువారీ తిట్లు మరో రకంగా ఆటను తినేస్తున్నాయి. రిఫరీలు వెళ్లిపోతున్నారు!

అమెరికా క్రీడా అధికారుల జాతీయ సంఘం 2017లో 17 వేల మందికి పైగా రిఫరీలు, అంపైర్లను ప్రశ్నించింది. కోచ్‌లో, ఆటగాళ్లో, ప్రేక్షకులో చేసిన పనుల వల్ల ఎప్పుడో ఒకప్పుడు తమ భద్రత గురించి భయపడ్డామని దాదాపు సగం మంది చెప్పారు. మైదానాల్లో మర్యాద తప్పేది ఎక్కువగా ఎవరంటే, కోచ్‌ల కంటే కూడా తల్లిదండ్రుల వైపే వేళ్లు చూపించారు. కరోనా తరవాత పరిస్థితి ఇంకా దిగజారింది. 2018-19 తరవాతి మూడేళ్లలో హైస్కూలు పోటీల అధికారులు సుమారు 50 వేల మంది తప్పుకున్నారని అక్కడి జాతీయ హైస్కూలు క్రీడా సమాఖ్య లెక్క.

రిఫరీ లేకపోతే మ్యాచ్ లేదు. అంటే బిడ్డకు న్యాయం కోసం అరుస్తున్నామనుకునే తల్లిదండ్రులే ఆ బిడ్డకు ఆట లేకుండా చేస్తున్నారు. కంచే చేను మేయడమంటే ఇదే.

నోటికి లాలీపాప్

మరేం చేయాలి? రకరకాల మందులు వాడి చూశారు.

ఒహాయో రాష్ట్రంలోని ఓ బాలికల సాకర్ లీగ్ 1999 అక్టోబరులో 'మౌన ఆదివారం' పాటించింది. ఆ రోజు తల్లిదండ్రులే కాదు, కోచ్‌లు కూడా అరవకూడదు. ఆ తరవాత చాలా లీగులు దీన్ని అందుకున్నాయి. కొన్నిచోట్ల పెద్దలకు లాలీపాప్‌లు పంచిపెట్టారు. నోట్లో అది ఉంటే అరవలేరు కదా! అలాంటి రోజుల్లో మైదానంలో వినిపించేది పిల్లల గొంతులే. 'నేనున్నా... ఇటివ్వు' అంటూ ఒకరినొకరు పిలుచుకుంటారు.

ఫ్లోరిడాలోని జూపిటర్-టెక్వెస్టా క్రీడా సంఘం 2000లో మరో అడుగు వేసింది. పిల్లలు ఆడాలంటే తల్లిదండ్రులు ముందు ప్రవర్తన పాఠం వినాలి, నియమావళి మీద సంతకం పెట్టాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2008లో 'రెస్పెక్ట్' కార్యక్రమం మొదలుపెట్టి, మైదానం అంచుకు కాస్త దూరంలో తాడు కట్టించింది. చూసేవాళ్లు దాని వెనకే నిలబడాలి. నాలుగడుగుల దూరం నోటిని కూడా కాస్త వెనక్కి లాగుతుందని వాళ్ల నమ్మకం.

న్యూజెర్సీలోని డెప్ట్‌ఫర్డ్ బేస్‌బాల్ లీగ్ 2023లో వేసిన శిక్ష అన్నిటికంటే తమాషాగా ఉంది. అంపైర్‌తో గొడవపడిన తల్లిదండ్రులు మళ్లీ మ్యాచ్‌లకు రావాలంటే మూడు మ్యాచ్‌లకు తామే అంపైర్‌గా నిలబడాలి. కాదంటే ఏడాదిపాటు మైదానంలోకి రానివ్వరు. తిట్టడం ఎంత తేలికో, రెప్పపాటులో నిర్ణయం చెప్పడం ఎంత కష్టమో అక్కడ నిలబడితేగానీ తెలియదు మరి.

పక్కవాళ్లు అరుస్తుంటే...

లాక్రోస్‌లో చిక్కేమిటంటే, ఆటగాళ్ల బెంచీలు, కోచ్‌లు మైదానానికి ఒకవైపు ఉంటారు. ప్రేక్షకులు సాధారణంగా రెండోవైపు. కాబట్టి కోచ్ అక్కణ్నుంచి పరుగెత్తుకొచ్చి ఎవరినీ ఆపలేడు. అందుకే చాలా లీగుల్లో తల్లిదండ్రుల నుంచే ఒకరికి 'సైడ్‌లైన్ మేనేజర్' బాధ్యత ఇస్తారు. మన ఊరి జాతరలో వాలంటీర్ లాంటివారన్నమాట. ఈయన పని గొడవ పెద్దది కాకముందే చల్లార్చడం. అందుకు అనుభవజ్ఞులు పాటించే పద్ధతులు కొన్ని ఉన్నాయి.

అరుపుకు అరుపు జవాబు కాదు. పదిమందిలో 'నోర్ముయ్' అంటే ఎంతటివాడికైనా పౌరుషం వస్తుంది. పక్కకు వెళ్లి నిలబడాలి. 'మీ అమ్మాయిది ఏ నంబరండీ? బాగా పరుగెడుతోంది' అని కదిలించాలి. మంచినీళ్ల సీసా చేతికివ్వాలి. మాట మళ్లితే చూపు మళ్లుతుంది, చాలాసార్లు కోపమూ మళ్లుతుంది.

తగ్గకపోతే 'మన పిల్లలు వింటున్నారండీ' అని మెల్లగా గుర్తుచేయాలి. 'మీరు' అని వేలు చూపడం కంటే 'మనం' అని కలుపుకోవడం బాగా పనిచేస్తుంది. నిబంధన తెలియక అరుస్తుంటే అదేమిటో చెబితే చాలు. సగం గొడవ అక్కడే ఆగిపోతుంది.

అవతలి జట్టువాళ్లు రెచ్చగొడితే వారికి జవాబు చెప్పకూడదు. మన మేనేజర్‌కు చెప్పాలి, ఆయన వారి మేనేజర్‌తో మాట్లాడతారు. ఎవరి ఇంటిని వారు చక్కదిద్దుకోవడం తేలిక.

రిఫరీ దగ్గరకు ప్రేక్షకులెవరూ వెళ్లకూడదు, మ్యాచ్ అయ్యాక కూడా. రిఫరీ కూడా ప్రేక్షకులతో వాదనకు దిగకుండా కోచ్‌కో, నిర్వాహకులకో చెప్పాలి. అప్పటికీ దారికి రాకపోతే ఆట ఆపించి ఆ వ్యక్తిని బయటికి పంపమని అడగవచ్చు. ఆ పరిస్థితి వస్తే తలవంచుకుని నిలబడేది ఎవరో వేరే చెప్పాలా... ఆయన బిడ్డే!

బెదిరింపులు, తోపులాట మొదలైతే మాత్రం మంచిమాటల సమయం దాటినట్టే. ముందు పిల్లల్ని దూరంగా తీసుకెళ్లాలి, పోలీసుల్ని పిలవాలి. జరిగింది కాగితం మీద రాసి లీగ్‌కు ఇవ్వాలి.

కోచ్ మీద కోపం వస్తే? ఇరవైనాలుగు గంటలు ఆగమంటాయి చాలా క్లబ్బులు. మ్యాచ్ అయిన రోజు ఆ ఊసు ఎత్తకూడదు. మర్నాటికి కూడా ఆ ఫిర్యాదు అంతే పెద్దదిగా కనిపిస్తే అప్పుడు ఫోన్ చేయొచ్చు. చాలావరకు ఆ ఫోన్ అవసరం రాదు.

అసలు వీటన్నిటికీ పునాది సీజన్ మొదలవకముందే పడాలి. మొదటి మ్యాచ్‌కు ముందే కోచ్ తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి రెండు విషయాలు తేల్చిచెప్పాలి. ఒకటి, ఎవరు ఎంతసేపు ఆడతారన్నది ఎలా నిర్ణయిస్తారో. రెండు, గీత బయట ఏది ఒప్పు, ఏది తప్పు. ఆవేశం రానప్పుడు ఒప్పుకున్న నియమం ఆవేశం వచ్చినప్పుడు పనికొస్తుంది.

తెలుగులో అరిస్తే తెలియదా?

న్యూజెర్సీ, మేరీలాండ్, వర్జీనియా... లాక్రోస్ బాగా ఆడే ఈ రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాలూ ఎక్కువే. గల్లీ క్రికెట్‌లో గోడెక్కి కూర్చుని 'రెండు తియ్‌రా' అని కేకలేస్తూ పెరిగిన తరం అది. ఆట అంటే అరవడమే అని అలవాటు. అక్కడ ఆంగ్లంలో అరిస్తే బాగుండదని తెలుగులో అందుకునేవారూ ఉంటారు. 'ఏం చేస్తున్నావే అక్కడ? పరుగెత్తు!' చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాదుగా అని ధీమా. నిజమే, మైదానం మొత్తం మీద ఆ మాట ఒక్కరికే అర్థమవుతుంది. ఎవరికి అర్థం కాకూడదో సరిగ్గా ఆ ఒక్కరికే!

'మేం తిట్టలేదు, సలహా చెప్పాం అంతే' అంటారు. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో జిమ్ థాంప్సన్ ప్రారంభించిన పాజిటివ్ కోచింగ్ అలయన్స్ ఆ సలహాలే వద్దంటుంది. చప్పట్లు కొట్టండి, ప్రోత్సహించండి, 'అటు పో, ఇటు కొట్టు' అని మాత్రం చెప్పొద్దు అన్నది వారి సూత్రం. పిల్లలు ఆటలో నేర్చుకునేదే సొంతంగా నిర్ణయం తీసుకోవడం. ఆ పని నాన్న చేసేస్తే ఇక వాళ్లు నేర్చుకునేది ఏముంది?

అసలు పిల్లలకు ఏం కావాలి? జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు అమండా విసెక్ బృందం పిల్లల్నే అడిగింది. ఆట సరదాగా అనిపించడానికి 81 కారణాలు తేలాయి. శక్తినంతా పెట్టి ఆడటం, జట్టంతా కలిసిమెలిసి ఆడటం, కోచ్ మంచిగా చూడటం లాంటివి ముందు వరసలో నిలిచాయి. గెలవడం ఎన్నో స్థానంలో ఉందో తెలుసా? 48!

ఇంటికెళ్లే కారులో...

మైదానంలో నోరు కట్టేసుకున్నవాళ్లు కూడా దొరికిపోయే చోటు ఒకటుంది. కారు! సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్న బిడ్డ ఎక్కడికీ పోలేదు. 'ఆ రెండో గోల్ ఎందుకు వదిలేశావ్?' అక్కణ్నుంచి ఇల్లు వచ్చేదాకా విశ్లేషణే.

బ్రూస్ బ్రౌన్, రాబ్ మిల్లర్ అనే ఇద్దరు అమెరికన్ కోచ్‌లు ఏళ్లతరబడి కాలేజీ క్రీడాకారుల్ని ఒక ప్రశ్న అడుగుతూ వచ్చారు. చిన్నప్పటి ఆటల్లో మీకు బాగా చేదు జ్ఞాపకం ఏమిటని. ఓడిన ఫైనల్సో, తగిలిన దెబ్బలో చెబుతారనుకుంటాం. చాలామంది చెప్పింది, మ్యాచ్ తరవాత అమ్మానాన్నలతో కారులో ఇంటికెళ్లడం! మరి వాళ్లు వినాలనుకున్న మాట? 'నువ్వు ఆడుతుంటే చూడటం నాకెంతో ఇష్టం.' అంతే. అందులో స్కోరు లేదు, సలహా లేదు.

అవతలివారి తిట్లు విని బిడ్డ బాధపడితే మాత్రం మాట్లాడాల్సిందే. 'ఆ అంకుల్ కోపం ఆయనది, నీ తప్పేం లేదు' అని చెప్పాలి. రిఫరీ పొరబడిందని బిడ్డ అంటే, 'అయ్యుండొచ్చు, నువ్వు కూడా ఒక పాస్ వదిలేశావు కదా, ఆటన్నాక అవుతుంటాయి' అనాలి. తప్పు చేసినవారిని క్షమించడం ఏ తరగతి గదిలోనూ ఇంత తేలిగ్గా నేర్పలేరు.

2023 అక్టోబరులో ముంబయిలో సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2028 లాస్ ఏంజెలిస్ క్రీడల్లోకి క్రికెట్‌నూ, లాక్రోస్‌నూ ఒకే నిర్ణయంతో తీసుకుంది. మనం గల్లీలో అరుస్తూ పెరిగిన ఆటా, అక్కడి మన పిల్లలు నేర్చుకుంటున్న ఆటా ఒకే వేదిక ఎక్కుతున్నాయి. వాటిలో మన ఇంటి బిడ్డ ఎప్పటికైనా ఆడుతుందా? ఏమో! ఆడినా ఆడకపోయినా వచ్చే శనివారం మ్యాచ్ మాత్రం ఉంది. పాప బంతి జారవిడుస్తుంది. తలతిప్పి గీత అవతలికి చూస్తుంది. అప్పుడు అక్కడ నాన్న చేతులు విసురుగా కిందికి దిగుతాయా, చప్పట్లు కొడతాయా? ఆ పాప వచ్చే ఏడాది కూడా కర్ర పట్టుకుంటుందో లేదో చాలావరకు తేలేది అక్కడే.